పంటు దాటొచ్చిన కండె

నర్సాపురంలో మా దారాల కొట్టు.
మెట్లెక్కితే గంజి వాసన, దిగితే గోదారి వాసన.
ముప్పయ్యొక్కేళ్ళుగా అక్కడ గుమాస్తాని.
తూకం నాది, బిల్లు నాది.
బిల్లు అడుగున ఎర్రక్షరాల్లో
"లోపమున్నచో మూడు దినములలో తెలుపవలెను"
అన్న ముక్క మాత్రం ఎవరిదీ కాదు.
ఎవరూ చదవరు.
నేనూ ఎవరికీ చదివి వినిపించలేదు.

సువార్తమ్మ వచ్చింది నలభయ్యొకటో నాడు.
సఖినేటిపల్లి రేవులో పంటెక్కి,
పాత చీరలో మూట కట్టి తెచ్చి
బల్ల మీద పరిచింది,
ఆరు కుర్చీల భోజనబల్లకి సరిపడే లేసు గుడ్డ.
పరవడమేమిటి, పోసింది.
ఒక్క ఉతుక్కే
పువ్వు పువ్వుని వదిలేసింది.
పురి తప్పిన దారం
నానిన కొబ్బరి పీచులా విచ్చుకుంది.

"ఎప్పుడు తెలిసిందమ్మా?"
"మొదటి రాత్రేనండి.
సూది కొక్కెంలో దారం చీలి రెండయ్యింది.
కంటికంటే ముందు వేలికి తెలిసింది."
"మరి?"
"పంటుకి రానూపోనూ డబ్బులా, ఒక పూట పని పోద్దా,
ఒక్క కండె కోసం కొట్టు మీదకొస్తే
ఏవనుకుంటారో అని...
తర్వాత కండె బాగుంటదేమో అనుకున్నానండి."

తర్వాత కండె. ఆ తర్వాతది.
తన మొహమాటాన్ని కూడా
దారంతో కలిపి అల్లుకుంటూ పోయింది
నలభై రాత్రులు.

యజమాని బిల్లు తిరగేసి చూశాడు.
"కత్తెర పడ్డాక గుడ్డ, అల్లేశాక దారం...
మిల్లోళ్ళు నన్ను రానిస్తారా అమ్మా?"
గొంతులో కోపం లేదు.
ఉంటే ఆవిడకి తేలిగ్గా ఉండేదేమో.

ఆవిడ గుడ్డ మడుస్తోంది, మడతకి రాని గుడ్డని.
నేను లెడ్జరు తిప్పుతున్నాను.
అదే లాటు, ఆ వారం తర్వాత అమ్మినవి:
మోరి, మలికిపురం, అంతర్వేదికర,
మొత్తం పదకొండు ఇళ్ళు.
మర్నాడే ఈవిడ పంటెక్కి ఉంటే
ఆ పెట్టెలు అల్మరాలోనే ఆగేవి.
పదకొండు దీపాల కింద
పదకొండు మంది ఇంకా అల్లుతూనే ఉన్నారు.

ఒకటి చెప్పాలి.
ఆ పెట్టె విప్పిన రోజు
తూకం వేస్తూ నా బొటనవేలు కూడా ఒక చోట ఆగింది.
చిన్న గరుకు.
బేరం మధ్యలో ఎందుకులే అని
కాగితం చుట్టి ఇచ్చేశాను.
ఆవిడ వేలూ నా వేలూ
ఒకే సంగతి తెలుసుకుని
గోదారికి చెరో ఒడ్డునా నోరు మూసుకున్నాయి.

ఇప్పుడు నాకు నస గుమాస్తా అని పేరు.
"ఇంటికెళ్ళగానే ఒక బారెడు లాగి చూడమ్మా,
నీళ్ళలో ముంచి చూడు,
తేడా ఉంటే అల్లడం ఆపెయ్,
రేపటి మొదటి పంటుకే రా, బిల్లు మర్చిపోకు."
"ఆయ్, అలాగేనండి" అంటారు.
చిల్లర సరిచూసుకున్నంత శ్రద్ధగా
నా మాట సరిచూసుకోరు.

నిన్న మాత్రం
షట్టరు సగం ఎత్తేసరికే మెట్ల మీద ఒక పిల్ల.
అంతర్వేదిపాలెం, పేరు చక్రవేణి.
మొన్న సాయంత్రం కొన్న కండె
అరచేతిలో గువ్వపిట్టలా పట్టుకుని,
"ఇది చీలిపోతోంది. ఇప్పుడే చూడండి.
పంటు డబ్బులు కూడా మీరే ఇవ్వాలి."
లోపల్నించి యజమాని దగ్గాడు.

లాగాను. చీలింది.
మిగిలిన పెట్టెల మీద సుద్దతో గీత కొట్టి
పక్కకి నెట్టాను.
పుస్తకంలో తేదీ రాశాను, లాటు నెంబరు రాశాను.
"రాస్తే సరా, సంతకం పెట్టండి" అంది.
పెట్టాను.
ముప్పయ్యొక్కేళ్ళలో
నా పేరు అలాంటి గీత మీద పడటం అదే మొదలు.
చెయ్యి కొంచెం వణికింది.

రేవులో పంటు హారన్ కొట్టింది.
కొత్త కండె వెలుతురుకి పెట్టి,
గోరుతో గీరి, నాలిక మీద తడిపి,
నన్ను కాక దారాన్ని నమ్మి
పరిగెత్తింది.

పంటు డబ్బులు ఇచ్చాం లెండి.
నా జేబులోంచే.